ఏడుగురు దిద్దిన జాబితా

ఆ పిల్లకు జరిగిన అన్యాయం ఒక గురువారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు పూర్తయింది. మొదలైంది మాత్రం అంతకు ఎనిమిది రోజుల ముందు. ఈ మధ్యలో ఆరుగురు తలా ఒక చెయ్యి వేశారు. ఏడో చెయ్యి బాబాయిది.

ఏడుగురూ ఆమెకు కావలసినవాళ్ళే. పరాయివాళ్ళకు అంత తీరిక ఎక్కడ ఏడ్చింది?

ఆ ఏడు పెద్ద పరీక్ష రాసిన పిల్లలందరూ తాము ఏం చదవదలుచుకున్నారో ఒక వెబ్‌సైటులో వరసగా రాయాలి. ఎనిమిది గళ్ళు ఉంటాయి. అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటో గడిలో, దాని తరవాతది రెండో గడిలో, అలా ఎనిమిది దాకా. కంప్యూటరు మార్కులు చూసుకుంటూ పై గడి నుంచి కిందికి దిగుతుంది. ఎక్కడ సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది. డాక్టరు చదువు మొదలుకొని మోటార్లు చుట్టే కోర్సు దాకా అన్నీ ఆ ఒక్క జాబితాలోనే. గడువు పది రోజులు, పదో రోజు సాయంత్రం ఐదింటి దాకా. గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చునని కింద రాసి ఉంది. ఆ వాక్యం రాసినవాడెవడో గానీ వాడికి ఇళ్ళల్లో మనుషులు ఎలా ఉంటారో తెలియదు.

పిల్ల మొదటిరోజే కూర్చుంది. ఒకటో గడిలో లిఫ్టుల డిప్లొమా అని రాసింది. మిగతా ఏడు గళ్ళూ ఖాళీగా వదిలేసి, లేచి వెళ్ళి జడ వేసుకుంది.

వాళ్ళు ఉండేది ఏడో అంతస్తులో. ఆ భవనం లిఫ్టుకు మూడు రోజులకొకసారి మూర్ఛ వచ్చేది. పదకొండో ఏట ఆ పిల్ల నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ నడుమ రెండు గంటలు ఇరుక్కుంది. తోడు ఐదో అంతస్తు దర్జీ. దర్జీ ఏడ్చాడు. పిల్ల ఏడవలేదు. ముసలి మేస్త్రీ ఒకాయన పై తలుపు గొళ్ళెం తప్పించి ఇద్దరినీ పైకి లాగుతుంటే, ఆమె మెడ తిప్పి లిఫ్టు నెత్తిమీదికి చూసింది. నిట్టనిలువు చీకటి, అందులోకి వేళ్ళాడే ఇనుప తాళ్ళు, గ్రీజు వాసన, ఎక్కడో పైన ఒక్క బల్బు. దర్జీ ఆనాటి నుంచి మెట్లే ఎక్కాడు. పిల్లకు ఆనాటి నుంచి మిగతా లోకమంతా కాస్త చప్పబడింది. మేస్త్రీ ఎప్పుడు వస్తే అప్పుడు బడి పుస్తకాలు ముందరేసుకుని మెట్లమీద కూర్చునేది. ఇంట్లోవాళ్ళు అది చల్లగాలి కోసం అనుకున్నారు.

వెబ్‌సైటు తాళంచెవి, అదే పాస్‌వర్డు, ఫ్రిజ్జు తలుపు మీద చీటీగా అంటించి ఉండేది. ఇంట్లో దాపరికాలు పనికిరావని అన్నగారి సిద్ధాంతం. అన్నగారంటే బాబాయికి అన్న, పిల్లకు తండ్రి. కళ్ళద్దాల షాపు. ఇరవై ఏళ్ళుగా డాక్టర్లు రాసిచ్చిన చీటీలు చదివి అద్దాలు బిగిస్తున్నాడు. చీటీ చదివేవాడికీ చీటీ రాసేవాడికీ ఉన్న తేడా ఆయన ఎముకలకు తెలుసు. కాబట్టి రెండోరోజు పొద్దున్నే, షాపుకు బయలుదేరేముందు, కూతురు రాసినదాన్ని రెండు మెట్లు కిందికి దించి, ఒకటో గడిలో కళ్ళ డాక్టరు, రెండో గడిలో పళ్ళ డాక్టరు పెట్టాడు. తండ్రి కాబట్టి రెండు గళ్ళు. అది న్యాయమే అనుకున్నాడు.

మూడోరోజు వదిన, అంటే పిల్ల తల్లి. ఇంటి ఓనరుతో పదకొండేళ్ళుగా నడుస్తున్న తగువులో తమ వైపు మాట్లాడే దిక్కు లేదని ఆమె బాధ. లాయరు చదువు తెచ్చి అన్నిటికన్నా పైన కూర్చోబెట్టింది. ఆ తరవాత తాతయ్య. ఆయన రోడ్ల శాఖలో గొలుసు పట్టుకుని నేల కొలిచిన మనిషి. గొలుసు ఎక్కడ పట్టుకోవాలో చెప్పే ఇంజనీరు గొడుగు కింద నిలబడేవాడు. మనవరాలు గొడుగు కింద నిలబడాలని ఆయన ఆశ. నాయనమ్మకు కంప్యూటరు రాదు. మూడో అంతస్తు స్నేహితురాలిని పిలిపించి, చీటీ చూపించి, మందుల చదువు కొట్టించింది. పూటకు తొమ్మిది మాత్రలు మింగే ఇంట్లో ఒకళ్ళకైనా అవి ఏమిటో తెలియొద్దా అని ఆమె అడిగిన మాటకు నిజంగానే జవాబు లేదు. రెండు వీధుల అవతల ఉండే పెద్దమ్మాయి, అంటే బాబాయికి అక్క, పిల్లకు మేనత్త, ఎదురింటి వాళ్ళమ్మాయి విమానాలు చదువుతోంది కాబట్టి విమానాలు పెట్టింది. ఏడోరోజు వదినగారి అన్న చుట్టపుచూపుగా వచ్చి, ఫ్రిజ్జులోంచి చల్లటి నీళ్ళు తీసుకుంటూ చీటీ చూశాడు. నీళ్ళు తాగి, కంప్యూటర్ల చదువు పెట్టి, సీసా నింపకుండా వెళ్ళిపోయాడు.

పైనున్న పేర్లు చూసి ప్రతివాళ్ళకూ తమకన్నా ముందు ఎవరెవరు వచ్చి వెళ్ళారో తెలిసింది. ఎవరూ ఎవరితోనూ అనలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైందో తెలియదు.

అయితే ఒక్క మర్యాద మాత్రం అందరూ పాటించారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు కొట్టెయ్యలేదు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళ మాట మీద ఎక్కి కూర్చోవచ్చు, దాన్ని చెరపకూడదు. అందుకే పిల్ల రాసిన లిఫ్టులు ఒక్కొక్క మెట్టే దిగుతూ దిగుతూ ఎనిమిదో గడిలోకి వచ్చి ఆగాయి. వచ్చినా ప్రమాదం లేదు. పైన ఉన్న ఏడింటిలో ఏ ఒక్కటీ ఆమె మార్కులకు అందేది కాదు. మార్కులు చూసుకుని కోరికలు కోరడం పిరికివాళ్ళ పని అని తాతయ్య మతం. కంప్యూటరు కళ్ళ డాక్టరు దగ్గరా విమానాల దగ్గరా తల అడ్డంగా ఊపుకుంటూ చక్కగా ఎనిమిదో మెట్టుకు దిగివచ్చేది. ఆరుగురి ప్రేమా ఆమెకు వెంట్రుకంత హాని కూడా చెయ్యలేదు.

బాబాయి ఆఖరి రోజైన గురువారం దాకా ఆగాడు. ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా. ముప్పైరెండేళ్ళు, పెళ్ళి కాలేదు, ఎత్తులంటే భయం, ఇంట్లో పెద్దల లెక్కలో అందరికన్నా చిన్న. ఆఫీసు కంప్యూటరులో జాబితా తెరిస్తే గళ్ళు ఎనిమిదీ నిండి ఉన్నాయి. తా దూర కంత లేదు గానీ మెడకొక డోలు. ఆయన మెడలో ఉన్న డోలు పేరు బీమా గణితం. వాళ్ళ ఆఫీసులో ఎంతమంది ఏ వయసులో పోతారో లెక్కగట్టే అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయనకు అద్దాల గది, సొంత కూజా, తలుపు తట్టి లోపలికి రావాలన్న నియమం ఉన్నాయి. పదేళ్ళుగా బాబాయి ఆ తలుపు తడుతున్నాడు. మన ఇంటి నుంచి ఒకళ్ళు ఆ తలుపుకు లోపలి వైపు కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నప్పుడల్లా ఆయన ఒళ్ళు తేలికైపోయేది.

ఇప్పుడు ఒకటి కొట్టెయ్యాలి. అన్నది కొట్టేస్తే అన్న. వదినది కొట్టేస్తే అన్నం. తండ్రిది కొట్టేస్తే పాపం. తల్లిది కొట్టేస్తే ఆమెకు రక్తపోటు. అక్కది కొట్టేస్తే ఫోను. వదినగారి అన్నది కొట్టేస్తే రెండు కుటుంబాల యుద్ధం. ఆయన చూపు ఒక్కొక్క గడే దిగి ఎనిమిదో గడి దగ్గర ఆగింది. దాన్ని రాసినదానికి పదిహేడేళ్ళు. చెరిపినా పాపం లేని చేతిరాత ఆ ఇంట్లో అదొక్కటే. చిన్నపిల్ల, నెలలో మరిచిపోతుందనుకున్నాడు. కొట్టేశాడు. బీమా గణితం అని రాశాడు. గడియారం చూశాడు. నాలుగూ నలభై. టీ తాగడానికి వెళ్ళాడు.

ఫలితాలు వచ్చిన రోజు కంప్యూటరు ఏడు గళ్ళు దిగి ఎనిమిదో గడిలో ఆగింది. బీమా గణితం.

పిల్ల గళ్ళన్నీ ఒకసారి చదివింది. చెప్పులు వేసుకుని వెళ్ళి లిఫ్టులో నిలబడింది. ఏడో అంతస్తు నుంచి కిందికి, కింద నుంచి ఏడుకు. పద్నాలుగుసార్లు అని వాచ్‌మన్ తరవాత లెక్క చెప్పాడు. పదిహేనోసారి లిఫ్టు దానంతటదే ఆగిపోతే మెట్లెక్కి ఇంటికొచ్చి అన్నం తింది.

ఇంట్లో మాత్రం సంబరం. ఎందుకంటే ఆరుగురి గుండెల్లోనూ ఒకటే భయం ఉండేది, తను పెట్టినది అందకపోతే పిల్లకు ఏడాది వృథా అని. బీమా పేరు చూడగానే అది ఎవరి పనో చెప్పక్కర్లేకపోయింది. అందే కొమ్మ చూపించినవాడు బాబాయి ఒక్కడే. అందరూ ఆయన భుజం తట్టారు. తాతయ్య కిటికీ పక్కనున్న తన వాలుకుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. వదిన ఆయనకు ముందు వడ్డించడం మొదలుపెట్టింది. అక్క ఫోనులో, నీకింత బుర్ర ఉందని మాకు ఇన్నాళ్ళూ తెలియదురా అని, పొగడ్తా తిట్టూ కాని ఒక మాట అంది. బాబాయి తేలు కుట్టిన దొంగలా ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మెత్తగానే ఉంది. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

పిల్ల ఏడాదిపాటు ఆ కాలేజీకి వెళ్ళింది. బాగానే చదివింది. వెయ్యిమంది ముప్పైఏళ్ళవాళ్ళలో ఏటా ఎంతమంది పోతారో నేర్చుకుంది. నేర్చుకున్నది దాచుకునే పిల్ల కాదు. ఒకనాడు భోజనాల దగ్గర తాతయ్యకు లెక్కప్రకారం ఇంకా ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు ఉందని ప్రకటించింది. తాతయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాటి నుంచి లెక్క తప్పని నిరూపించడానికి రోజూ నాలుగు కిలోమీటర్లు నడవసాగాడు. నాయనమ్మకు ఆయనకన్నా మూడేళ్ళు ఎక్కువ వచ్చింది. ఆ మూడేళ్ళూ ఏం చెయ్యాలో ఆమె అప్పుడే ఆలోచించి పెట్టుకుంది. వదినగారి అన్న వచ్చినప్పుడు పిల్ల ఆయన బొడ్డు చుట్టూ కొలత అడిగింది. ఆయన మళ్ళీ ఆరు నెలలు రాలేదు. ఇంత సందడి చేసే పిల్ల సంతోషంగా లేదని ఎవరంటారు? బాబాయి అనేవాడు, మనసులో. ఆమె నవ్వేటప్పుడు ఆయన వైపు చూసేది కాదు.

ఏడాది చివర ఒక సాయంత్రం ఆమె ఆయన ఆఫీసు మెట్ల దగ్గర కనబడింది.

"బాబాయ్, రేపు సెలవు పెట్టు."

"ఎందుకమ్మలూ?"

"సంతకం ఒకటి పెట్టాలి. లిఫ్టుల కంపెనీలో పని నేర్పుతున్నారు, రెండేళ్ళు. పెద్దవాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టాలంట."

మీ నాన్న ఉన్నాడు కదా అన్నాడు బాబాయి.

"నాన్న కొట్టెయ్యలేదుగా."

మెట్లమీద జనం దిగుతున్నారు. బాబాయి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"బీమా పెట్టింది నువ్వని అందరికీ తెలుసు," అంది పిల్ల. "దానికోసం ఏం తీసేశావో నాకొక్కదానికే తెలుసు. ఆ రోజే కాగితం ప్రింటు తీసుకున్నా."

"మరి ఏడాది ఊరుకున్నావేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశా."

ఆ రాత్రి బాబాయికి నిద్ర పట్టిందో లేదో గానీ, మర్నాడు తొమ్మిదింటికల్లా కంపెనీ గేటు దగ్గర ఉన్నాడు.

అది ఊరి చివర ఒక ఖాళీస్థలం. మధ్యలో తొమ్మిది అంతస్తుల ఎత్తు సిమెంటు గొట్టం. చుట్టూ భవనం లేదు, గదులు లేవు, వట్టి గొట్టం. ఎవరో భవనమంతా తినేసి లిఫ్టు తాలూకు ఎముక మిగిల్చినట్టు ఉంది. పని నేర్పే మేస్త్రమ్మ చామనఛాయ మనిషి, మోచేతుల దాకా గ్రీజు. బాబాయి బల్ల ముందు కూర్చుని, కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీశాడు. మేస్త్రమ్మ కాగితం వెనక్కి లాక్కుంది.

"ఇక్కడ పెట్టిన సంతకం చెల్లదండీ."

ఆ కంపెనీలో అదొక కట్టుబాటు. ఒకప్పుడు తండ్రులు కుర్చీల్లో కూర్చుని దర్జాగా సంతకాలు పెట్టి వెళ్ళేవారు. నెల తరవాత పిల్లలు పని చేసే చోటు చూసి, గేటు దగ్గర గుండెలు బాదుకునేవారు. అప్పటి నుంచి నియమం మార్చారు. సంతకం పెట్టే పెద్ద ఎవరైనా సరే లిఫ్టు నెత్తినెక్కి, పైదాకా వెళ్ళి, కిందికి చూసి, అక్కడే పెట్టాలి. కుర్చీలో కాదు. అక్కడ చెయ్యి ఆడకపోతే పిల్లను ఇంటికి తీసుకుపోవచ్చు. తప్పు పట్టరు.

బాబాయికి ఇంటి బాల్కనీలో బట్టలు ఆరవెయ్యడమే గండం. ఆయన కలం మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. పిల్ల ఏమీ బతిమాలలేదు. గోడకు తగిలించి ఉన్న హెల్మెట్లలోంచి ఒకటి తీసి లోపల దుమ్ము తుడిచి ఆయన తలమీద పెట్టింది. గడ్డం కింద పట్టీ బిగించింది. ఆమె చిన్నప్పుడు ఆయన బడి టోపీ అలాగే పెట్టేవాడు. ఆ సంగతి తట్టేసరికి ఆయన కాళ్ళు ఆయన్ని అడగకుండానే లేచాయి.

లిఫ్టు నెత్తి అంటే ఇంట్లో భోజనాల బల్లంత రేకు. మూడు వైపులా మోకాలికి కాస్త పైకి కడ్డీలు. నడుముకు పట్టా, పట్టాకు కొక్కెం. మేస్త్రమ్మ ఒక చిన్న పెట్టె మీద మీట నొక్కింది. రేకు కాళ్ళ కింద ఒక్కసారి ఊపిరి పీల్చుకుని లేవడం మొదలుపెట్టింది. నత్తనడక. ఇంకొంచెం వేగంగా పోతే బాగుండునని ఒక ప్రాణం, అసలు పోకపోతే బాగుండునని ఇంకో ప్రాణం. ఇనుప తాళ్ళు ముఖానికి జానెడు దూరంలో కదలకుండా కదులుతున్నాయి. సగం ఎత్తులో, పై చీకట్లోంచి బీరువా అంత ఇనుప దిమ్మ ఒకటి తిన్నగా వీళ్ళ మీదికే దిగడం మొదలుపెట్టింది. బాబాయి పిల్ల చెయ్యి పట్టుకుని కళ్ళు మూసేశాడు. చల్లటి గాలి చెంపకు తగిలింది. కళ్ళు తెరిచేసరికి దిమ్మ పక్కనుంచి మర్యాదగా దిగిపోతోంది.

"అది మనకు ఎదురు బరువు బాబాయ్. మనం ఎక్కితే అది దిగుతుంది. అది లేకపోతే మోటారు మనల్ని మొయ్యలేదు."

తొమ్మిదో అంతస్తు దగ్గర ఆగింది. గోడలో తలుపంత కంత. అందులోంచి ఊరు. ఎండ, డాబాలు, నీళ్ళ ట్యాంకులు, తీగలమీద బట్టలు, అగ్గిపెట్టెల్లా బస్సులు. మేస్త్రమ్మ కిందికి చూడమంది. నియమం ప్రకారం చూడాలి. బాబాయి కడ్డీ పట్టుకుని, మెడ ఒక్కటే ముందుకు చాపి చూశాడు. కడుపులో ఏదో గిర్రున తిరిగి గొంతు దాకా వచ్చింది. అది వాంతి అనుకున్నాడు. నోరు తెరిస్తే నవ్వు వచ్చింది. చిన్నగా మొదలై, ఆపుకుందామంటే ఎక్కువై, గొట్టమంతా మోగి, తొమ్మిది అంతస్తుల కింద నుంచి తిరిగి వచ్చింది. తన నవ్వు తనకే తిరిగొచ్చి తగలడంతో ఇంకా నవ్వాడు. పిల్ల కూడా మొదలుపెట్టింది. ఏడాది తరవాత ఆయన ముఖంలోకి చూసి నవ్వడం అదే. ఇద్దరూ కడ్డీలు పట్టుకుని ఊగిపోతుంటే మేస్త్రమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. కొంతమందికి ఇలాగే అవుతుందని, కంగారు లేదని, కలం జారిపోకుండా చూసుకోమని చెప్పింది.

పిల్ల అట్టమీద కాగితం పెట్టి పట్టుకుంది. బాబాయి సంతకం పెట్టాడు. ఆఫీసులో రోజుకు నలభైసార్లు పెట్టే సంతకం, ఆ రోజు కోడి గీరినట్టు వచ్చింది. అయినా చెల్లింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, వదిన ముందుగా ఆయనకు వడ్డించబోతుంటే, బాబాయి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి చెప్పేశాడు. పిల్ల ఒక్కటే రాసుకుందనీ, దాన్ని తను కొట్టేశాననీ, కొట్టెయ్యకపోతే అదే వచ్చేదనీ, ఈ ఏడాదంతా తను దొంగ కుర్చీలో కూర్చున్నాననీ, పొద్దున లిఫ్టు మీద సంతకం పెట్టి వచ్చాననీ చెప్పాడు. గుక్క తిప్పుకోలేదు.

గరిటె వదిన చేతిలోనే ఉండిపోయింది. ఆ తరవాత జరిగిన గొడవ ఎవరూ ఊహించనిది. అన్న మొదట అడిగిన ప్రశ్న ఆఖరుకు తన కళ్ళ డాక్టరు ఎన్నో గడిలో ఉన్నాడని. పిల్ల ప్రింటు కాగితం చూస్తే ఆరో గడిలో అని తెలిసింది. ఒకటో గడిలో పెట్టినవాణ్ణి ఆరుకు దించింది ఎవరు? వదిన తను ఒక్క మెట్టే దించానంది. మరి మిగతా మెట్లు? తాతయ్య గొంతు సవరించుకున్నాడు. నాయనమ్మ మూడో అంతస్తు స్నేహితురాలి మీదికి నెట్టింది. అక్కకు ఫోను చేశారు. ఆమె ఏడ్చింది. వదినగారి అన్న పెట్టిన కంప్యూటర్లు ఒకటో గడిలో ఉన్నాయని తేలగానే అందరూ ఒక్కటై వదిన వైపు తిరిగారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నాయనమ్మ అంది. మా అన్నయ్య కత్తిపీటా అని వదిన అంది. ఎవరు ఎవరి నెత్తిన కూర్చున్నారో తేలేసరికి అన్నం చల్లారిపోయింది. ఇంతసేపట్లో పిల్ల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె లేచి, చెయ్యి కడుక్కుని, మర్నాటికి బట్టలు సంచీలో సర్దుకుంది. ఆపడానికి ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తు వచ్చేసరికి ఆమె వారం రోజులుగా పనిలో ఉంది. అప్పుడు మొదలైంది అసలు జాతర. అన్న తమ్ముడితో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని కూడా, ఉప్పు కావాలన్నా వదిన ద్వారా అడిగేవాడు. వాలుకుర్చీ తాతయ్య దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. మెట్లమీద కలిసినవాళ్ళందరూ, ఏం పాపం, ఆడపిల్లను అంత పైకి ఎక్కించారట కదా అనేవారు. చదువు మాన్పించారా, అదే మానేసిందా అని గుచ్చేవారు. వదిన, యంత్రాల కంపెనీలో పెద్ద శిక్షణ అని చెప్పేది. ఏ యంత్రాలని అడిగితే పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో ఆ ఏడు పొంగినన్ని పాలు ఏ డెయిరీలోనూ పొంగి ఉండవు. మేనత్త ఎక్కడెక్కడి నుంచో సంబంధాలు తెచ్చింది. వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే పిల్ల తనే చెప్పేది, గోళ్ళ కింద నలుపు చూపించి మరీ. ఒకతను ఆ నలుపు చూసి లేచిపోయాడు. ఇంకొకతను మోటారు ఎన్ని గుర్రాల శక్తి అని అడిగాడు. మూడేళ్ళ తరవాత ఆమె చేసుకుంది ఈ రెండోవాణ్ణే.

పని నేర్చుకుని నాలుగేళ్ళు తిరిగేసరికి వాళ్ళ భవనం లిఫ్టు ఆ కంపెనీ చేతికే వచ్చింది. నెలలో మొదటి సోమవారం ఆమె సంచీ తగిలించుకుని వచ్చేది. కింద బోర్డు పెట్టేది. వాచ్‌మన్ మొదట, మీవాళ్ళు పైనే ఉన్నారమ్మా అని ఆమెను చుట్టంలా పంపించబోయాడు. ఆమె నెత్తిమీద టోపీ పెట్టుకుని నేరుగా లిఫ్టు కింది గొయ్యిలోకి దిగింది. ఐదో అంతస్తు దర్జీ మెట్ల దగ్గర నిలబడి, ఇంకా నమ్మకం కుదరడం లేదని, అయినా నువ్వు ఉన్నప్పుడు ఒకసారి ఎక్కి చూస్తానని అన్నాడు. ఎక్కాడు. ఐదో అంతస్తు దాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

అన్న మాత్రం ఆ సోమవారాల్లో షాపు నుంచి వచ్చి, బోర్డు చూసి, ఏడు అంతస్తులూ నడిచి ఎక్కేవాడు. మోకాలు నొప్పి. మూడో అంతస్తు దగ్గర ఒకసారి, ఆరో అంతస్తు దగ్గర ఒకసారి ఆగేవాడు. ఎంతసేపట్లో అవుతుందని అడిగితే సరిపోయేది. అడగడం అంటే ఒప్పుకోవడం. రెండేళ్ళు అలా ఎక్కాడు. ఒక సోమవారం మూడో అంతస్తు దగ్గర ఆగి, తెరిచి ఉన్న తలుపు లోపలికి చూడకుండా గోడతో అడిగినట్టు అడిగాడు, ఎంతసేపు అని. పావుగంట నాన్నా అని లోపల నుంచి వచ్చింది. ఆయన మెట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. పావుగంటకు లిఫ్టు వచ్చింది. ఎక్కాడు. ఆ రాత్రి తమ్ముణ్ణి, ఉప్పు ఇలా ఇవ్వరా అని నేరుగా అడిగాడు. మాటలు ఏనాడో కలిసినా ఉప్పు మాత్రం అన్నాళ్ళూ వదిన చేతి మీదుగానే తిరుగుతూ ఉండేది.

ఆ తరవాత ఆమె దూరపు నగరానికి వెళ్ళిపోయింది. నలభై అంతస్తుల భవనాలు, ఆమె కింద పదిమంది మనుషులు. ఇంటికి ఏడాదికొకసారి వచ్చేది. వచ్చినా బాబాయికి ఆమె ఒంటరిగా దొరకలేదు. ఆయన అడగదలుచుకున్నది ఒకటుంది. పద్నాలుగేళ్ళుగా అడగలేదు. గొట్టంలో నవ్విన రోజుతో అది తీరిపోయిందని కొన్నాళ్ళు అనుకున్నాడు. పెళ్ళై ఒక కూతురు పుట్టాక, ఆ కూతురు తన చేతిలోంచి బొమ్మ లాక్కుని ఇది నాది అన్నప్పుడల్లా తీరలేదని తెలిసేది.

ఆఖరిసారి వాళ్ళిద్దరూ కలిసింది బీమా కంపెనీ పెద్ద ఆఫీసులో. బాబాయి పని మీద ఆ నగరం వెళ్ళాడు. పదకొండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంది. ముందు పసుపు రంగు కంచె. కంచె అవతల, సరిగ్గా నేల ఎత్తులో ఒక తల. హెల్మెట్ కింద రెండు నెరిసిన వెంట్రుకలు. ఆమె లిఫ్టు నెత్తిమీద నిలబడి తలుపు గొళ్ళెం సరిచేస్తోంది. ఆయన్ని ముందు బూట్లను బట్టి గుర్తుపట్టింది. ఇంత ఖరీదైన ఆఫీసులో ఇంత పాత బూట్లు మా బాబాయివే అని తల ఎత్తకుండానే అంది. ఆయన కంచె దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇంట్లో అందరి సంగతీ చెప్పాడు. తాతయ్య లెక్క దాటి ఆరేళ్ళు అయిందని, ఇప్పటికీ నడుస్తున్నాడని చెప్పాడు. ఆమె నవ్వింది. స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులతో ఏదో బిగించి, తీసి చేతిలో పట్టుకుంది.

అప్పుడు అడిగేశాడు. నా మీద కోపం ఇంకా ఉందా అమ్మలూ అని.

ఆమె ఆలోచించింది. అబద్ధం ఆడాలా వద్దా అని కాదు, ఎంత ఉందో కొలిచి చెప్పడానికి ఆలోచించినట్టు.

"ఉంది బాబాయ్. ఇందులోకి దిగినప్పుడు మాత్రం గుర్తు రాదు. కాస్త వెనక్కి జరుగు, తలుపు మూస్తున్నా."